అడగకుండానే ఐపీ మారిపోయేది: మా నల్లగొండ ఆఫీసులో నెట్‌తో పడ్డ తిప్పలు

మొన్న నవంబర్‌లో మా ఆఫీసు సిస్టమ్స్‌లో ఐపీ (నెట్‌వర్క్‌లో ఒక్కో సిస్టమ్‌కు ఉండే నంబరు), మిగతా నెట్‌వర్క్ సెట్టింగులు ఎవరూ ముట్టుకోకుండానే మారిపోతూ మమ్మల్ని బాగా సతాయించాయి. కారణం దొరికేదాకా ఎవరేం చెప్పారు, ఏది పని చేసింది, ఏది చేయలేదు, ఎంత ఖర్చయింది అన్నీ తేదీల ప్రకారం రాస్తున్నా. ఆ టైమ్‌లో నేను ఎంత వెతికినా "రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్న మాట తప్ప మా బాధకు దగ్గరగా ఉన్నదేదీ దొరకలేదు.

మాది నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్ దగ్గర ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసు. మొదటి అంతస్తులో మేము, కింద మొబైల్ షాపు, పైన బిల్డింగ్ ఓనర్ ఇల్లు. ఐదు సిస్టమ్స్, అందరికీ కలిపి ఒక నెట్‌వర్క్ ప్రింటర్, సార్ క్యాబిన్‌లో ఉన్న సిస్టమ్ మీదే టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) లైసెన్సూ డేటా. జిన్నింగ్ మిల్లులు, రైస్ మిల్లులు, ఎరువుల షాపులు మా క్లయింట్లు. నవంబర్ అంటే పత్తి సీజన్, ఒక్కో మిల్లుకు రోజుకు ఎంతమంది రైతుల దగ్గర కొంటే అన్ని ఎంట్రీలు, వాటి మీద రివర్స్ ఛార్జ్ (అమ్మిన రైతు బదులు కొన్న మిల్లే కట్టే జీఎస్‌టీ) లెక్కలు. ఊపిరి తీసుకునే టైమ్ ఉండదు. సరిగ్గా ఆ నెలలోనే వచ్చిపడింది ఇది.

నవంబర్ 5 కార్తీక పౌర్ణమి, ఆఫీసుకు సెలవు. 6వ తేదీ గురువారం పదిన్నర దాటాక నేను వెళ్ళేసరికి శ్రీలత సిస్టమ్ ముందు నిలబడి ఉంది. "అక్కా, నా దాంట్ల నెట్ వస్తలేదు, టాలీ కూడ ఏందో వేరేగ ఓపెనైంది" అంది. చూస్తే కంపెనీల లిస్టు ఖాళీ, పైన ఎడ్యుకేషనల్ మోడ్ అని ఉంది. లైసెన్స్ ఉన్న సిస్టమ్ కనబడకపోతే టాలీ అలాగే తెరుచుకుంటుంది. శ్రీలత సిస్టమ్‌లోనే ఒక చిన్న మిల్లు డేటా విడిగా ఉంటే అది తెరిచి 4వ తేదీ వోచర్ కొట్టబోయింది, తీసుకోలేదు. ఎడ్యుకేషనల్ మోడ్‌లో ఒకటో తేదీ, రెండో తేదీ లాంటి కొన్ని తేదీలు తప్ప మిగతా రోజులకు ఎంట్రీ పడదు. పక్కనే స్వప్న సిస్టమ్‌లో మాత్రం నెట్టూ టాలీ రెండూ మామూలుగా నడుస్తున్నాయి. నా దాంట్లో నెట్ లేదు. సార్ దాంట్లో ఉంది.

అందరూ చేసేదే మేమూ చేశాం, రీస్టార్ట్. నాది బాగైంది, శ్రీలతది కాలేదు. ఇంకోసారి చేస్తే తనదీ బాగైంది. సరే పోనీ అనుకుని పనిలో పడ్డాం. ఇంతలో పన్నెండింటికి కరెంటు పోయి వచ్చింది. యూపీఎస్‌లు ఉన్నాయి కాబట్టి సిస్టమ్స్ ఆగలేదు, కానీ వచ్చాక ఒక్క సార్ సిస్టమ్ తప్ప అన్నింట్లో నెట్ పోయింది. నెట్ కనెక్షన్ వాళ్ళకు కంప్లైంట్ ఇచ్చాం, గంటలో వస్తామన్నారు, మూడు దాటాక మనిషి వచ్చాడు. ఫైబర్ పెట్టె (మా రూటర్ అదే) వెనక్కి తిప్పి లైట్లు చూసి, తన ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెట్టి చూపించి, "మా దగ్గర నుంచి ఫుల్ వస్తుంది మేడమ్, మీ సిస్టమ్స్‌లోనే ఏదో ఉంది" అని వెళ్ళిపోయాడు. తర్వాత తెలిసింది అతను చెప్పింది నిజమేనని, కానీ ఆ మాటతో మాకు ఆ రోజు ఏం ఒరిగిందీ లేదు.

7వ తేదీ టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే పట్టుకున్న పన్ను) కట్టే ఆఖరి రోజు. ఆ పొద్దున శ్రీలత సిస్టమ్ శుభ్రంగా ఉంది, ముందు రోజు బాగున్న ఇంకో సిస్టమ్ పోయింది. మా అందరికీ టెన్షన్ పెట్టింది ఇదే. ఒకే సిస్టమ్ రోజూ పోతే అదే పాడైందని అనుకోవచ్చు. ఇక్కడ ఏది ఎప్పుడు పోతుందో తెలియదు, పోయింది ఎందుకు బాగవుతుందో కూడా తెలియదు. చలాన్లన్నీ ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి కట్టాం.

మధ్యాహ్నం మాకు ఎప్పుడూ సర్వీస్ చేసే అబ్బాయిని పిలిచాం. విజిటింగ్ 300. వచ్చి నెట్‌వర్క్ సెట్టింగుల్లోకి వెళ్ళి చూసి, "ఐపీ మారిపోయింది అక్కా, 192.168.1 ఉండాల్సింది 192.168.0 అయింది" అన్నాడు. అసలు సంగతి అప్పుడే మా ముందుకు వచ్చింది, కానీ ఎందుకు మారింది అని అతనూ ఆలోచించలేదు, మాకూ అడగాలని తెలియదు. మారకుండా చేస్తానని రెండు సిస్టమ్స్‌కు ఐపీ చేత్తో రాసి ఫిక్స్ చేశాడు, డీఎన్ఎస్‌లో (సైట్ పేరుకు నంబరు చెప్పే సర్వర్ రాసే చోట) 8.8.8.8 పెట్టాడు. వెంటనే నెట్ వచ్చింది. టాలీ మాత్రం ఇంకా రావట్లేదని బయటి నుంచి సిస్టమ్‌లోకి వచ్చేవాటిని అడ్డుకునే విండోస్ ఫైర్‌వాల్ మొత్తం ఆఫ్ చేశాడు. అప్పుడు వచ్చింది. ఫైర్‌వాల్ ఆఫ్ చేస్తే మంచిదేనా తమ్ముడూ అని అడిగితే ఏం కాదు అక్కా అన్నాడు. నాకు నచ్చలేదు. బ్యాంకు లాగిన్లు, క్లయింట్ల డిజిటల్ సంతకాలు పెట్టే సిస్టమ్స్ అవి. కానీ ఆ సాయంత్రం పని నడిస్తే చాలన్నట్టుంది అందరికీ.

8వ తేదీ శనివారం ఆ రెండు సిస్టమ్స్‌లో నెట్ బాగానే ఉంది గానీ ప్రింటర్ పోయింది. ప్రింట్ ఇస్తే క్యూలో ఉండిపోతుంది, ఒక్కోసారి పది నిమిషాల తర్వాత దానంతట అదే వస్తుంది, మళ్ళీ ఆగుతుంది. అతను ఒక సిస్టమ్‌కు రాసిన ఐపీ నంబరే అప్పటికే ప్రింటర్‌కు ఉందట. అతను వచ్చినప్పుడు ప్రింటర్ ఆఫ్‌లో ఉండటంతో సిస్టమ్ కిమ్మనకుండా ఆ నంబరు తీసుకుంది. పొద్దున ప్రింటర్ ఆన్ కాగానే ఒకే నంబరు మీద రెండు నిలబడ్డాయి. ఇది కూడా మాకు చాలా తర్వాత తెలిసింది. ఆ రోజుకు ప్రింట్లన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కింద జిరాక్స్ సెంటర్‌లో తీయించాం.

అదే రోజు సాయంత్రం శ్రీలత సిస్టమ్‌లో కొత్తది మొదలైంది. ఐపీ బాగుంది, టాలీ నడుస్తుంది, ప్రింటర్ కూడా కనిపిస్తుంది, కానీ బ్రౌజర్‌లో ఏ సైటూ రాదు, ప్రాక్సీ సర్వర్‌కు (సిస్టమ్‌కూ నెట్‌కూ మధ్యలో ఉండేది) కనెక్ట్ కావట్లేదని చూపిస్తుంది. సర్వీస్ అబ్బాయి ఫోన్‌లోనే తేల్చేశాడు: "వైరస్ అక్కా, ఆమె దాంట్ల నుంచే అన్నింటికీ పాకింది." ఆ అమ్మాయి అంతకుముందు నెలలో బ్యాంకు స్టేట్‌మెంట్లు పీడీఎఫ్ నుంచి ఎక్సెల్‌లోకి మార్చడానికి ఏదో ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసుకుంది. సార్ ఆ రోజు తనను గట్టిగానే అన్నారు. శ్రీలత కనగల్ నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే పిల్ల, చేరి ఏడాది కూడా కాలేదు. ఒక్క మాట తిరిగి అనలేదు, పోయేటప్పుడు మాత్రం కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగింది. ఈ మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

ఆదివారం సార్ వచ్చి దగ్గరుండి పని చేయించారు. మూడు సిస్టమ్స్‌కు యాంటీవైరస్ ప్యాక్ 1,500, శ్రీలత సిస్టమ్ ఫార్మాట్ 600. స్కాన్‌లో ఆ ఫ్రీ సాఫ్ట్‌వేర్ పట్టుబడింది కూడా, ప్రకటనలు చూపించేదట, సిస్టమ్‌లో ప్రాక్సీ ఆన్ చేసి తన నంబరు పెట్టుకుంది. కాబట్టి అందరం అదే కారణమని నమ్మేశాం. సోమవారం, 10వ తేదీ, పొద్దున అన్నీ బాగున్నాయి. పదకొండింటికి ఫార్మాట్ చేసిన సిస్టమ్‌లోనే నెట్ పోయింది, చూస్తే 192.168.0. ముందు రోజు కొన్న యాంటీవైరస్ అందులో ఉంది, వేరే ఒక్క సాఫ్ట్‌వేర్ కూడా లేదు, ఇరవై నాలుగు గంటలు కూడా కాలేదు.

11వ తేదీ జీఎస్‌టీఆర్-1కు (అమ్మకాల వివరాల జీఎస్‌టీ రిటర్న్) ఆఖరి రోజు. ఆ రోజు ఎలా గడిచిందో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగానే ఉంటుంది. సాయంత్రం ఐదున్నరకు ఒక జిన్నింగ్ మిల్లు నుంచి ఫోన్, పత్తి బేళ్ళు ఎక్కించి లారీ గేటు దగ్గర ఉంది, సరుకు రవాణాకు ఈ-వే బిల్ కావాలి. ఆ మిల్లుకు మేమే తీసి పంపిస్తాం. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి వచ్చి మేం కూర్చున్న సిస్టమ్స్‌లో నెట్ లేదు. నా ఫోన్ హాట్‌స్పాట్ స్వప్న సిస్టమ్‌కు ఇచ్చి పోర్టల్ తెరిస్తే ఓటీపీ సార్ ఫోన్‌కు వెళ్తుంది, సార్ మిర్యాలగూడ నుంచి వస్తూ దారిలో ఉన్నారు. డ్రైవర్ ఫోన్ లాక్కుని "మేడమ్, రాత్రి నారాయణపేట దాటాలె నేను" అంటున్నాడు. బిల్ నంబరు వాట్సాప్‌లో పంపేసరికి ఏడు దగ్గరైంది. తర్వాత మిగిలిన రిటర్న్‌లు వేసి తాళం వేసేసరికి పది దాటింది.

ఆ రాత్రి ఒక చిన్న సంగతి గమనించా, అక్కడి నుంచే దారి దొరికింది. హాట్‌స్పాట్ పెట్టేముందు నా ఫోన్ ఆఫీసు వైఫైలోనే ఉంది. వైఫై గుర్తు ఉంది, నెట్ లేదు. అంటే ఫోన్‌లో కూడా అదే రోగం. సిస్టమ్‌లో వైరస్ ఉంటే ఉండొచ్చు, నా ఫోన్‌లోకి శ్రీలత సాఫ్ట్‌వేర్ ఎట్లా వస్తుంది? ఫోన్‌లో వైఫై వివరాలు తెరిచి చూశా, అందులోనూ 192.168.0 తోనే మొదలైంది.

మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో నెట్‌వర్క్ పని చేస్తాడు. ముందే అడగొచ్చు కదా అంటారేమో, వాడిది నైట్ డ్యూటీ, రెండుసార్లు చేసినా ఎత్తలేదు. 12న రాత్రి వాడే చేశాడు. కథంతా చెబుతుంటే మధ్యలో ఆపి, "అక్కా, అదంతా పక్కన పెట్టు. రేపు పొద్దున నెట్ ఉన్న సిస్టమ్‌లో ఒకటి, లేని సిస్టమ్‌లో ఒకటి, రెండు ఫొటోలు పంపు, చాలు" అన్నాడు. స్టార్ట్‌లో సీఎండీ అని కొడితే నల్ల కిటికీ వస్తుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి, ఆల్ అని కొట్టి (ipconfig /all) ఎంటర్ నొక్కాలి.

13వ తేదీ పొద్దున రెండు ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టుకుని చూశాం. చాలా లైన్లు ఉంటాయి, అన్నీ చూడాల్సిన పని లేదు. ఇంగ్లీషులో డీహెచ్‌సీపీ సర్వర్ అని ఒక లైన్ ఉంటుంది, సిస్టమ్‌కు ఐపీ నంబరు ఎవరిచ్చారో చెప్పేది అదే. నెట్ ఉన్న సిస్టమ్‌లో అక్కడ 192.168.1.1 ఉంది, అది మా ఫైబర్ పెట్టె. నెట్ లేని దాంట్లో 192.168.0.1 ఉంది. గేట్‌వే (బయటి నెట్‌కు దారి), డీఎన్ఎస్ కూడా అదే నంబరు. ఈ అడ్రస్ ఎప్పుడు తీసుకుంది అన్న టైమ్ కూడా అందులోనే ఉంటుంది, ఆ పొద్దున 10:52.

వాడు నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది ఇది. సిస్టమ్ ఆన్ కాగానే, లేదా తెగిన కేబుల్ మళ్ళీ కలవగానే, నాకో నంబరు ఇవ్వండి అని నెట్‌వర్క్‌లో ఉన్న అందరినీ కేకేసి అడుగుతుంది. నంబరు ఇచ్చే పని మామూలుగా రూటర్ ఒక్కటే చేస్తుంది. మీ ఆఫీసులో ఆ పని చేసే పెట్టెలు రెండయ్యాయి, ఒకే బస్సులో ఇద్దరు కండక్టర్లు టికెట్లు కొడుతున్నట్టు, ఎవరు ముందు అందిస్తే సిస్టమ్ వాళ్ళ దగ్గర తీసుకుంటుంది. ఆ రెండో దానికి బయట నెట్ లేదు, అందుకే దాని దగ్గర నంబరు తీసుకున్న సిస్టమ్‌కు నెట్ ఉండదు. నంబరు 169.254 తో మొదలైతే మాత్రం ఎవరూ ఇవ్వలేదని అర్థం, అది వేరే కేసు, కేబులో రూటరో చూసుకోవాలి. మీది అది కాదు, ఎవరో ఇస్తున్నారు, ఆ పెట్టె ఎక్కడుందో వెతకండి అన్నాడు.

అన్ని రోజుల తిక్కతిక్క లెక్కలు ఒక్కసారిగా కుదిరాయి. రీస్టార్ట్ చేస్తే ఒకసారి బాగై ఇంకోసారి కాకపోవడం అందుకే, ఎవరు ముందు పలికితే వాళ్ళది. కరెంటు వచ్చాక అందరికీ పోవడం కూడా అందుకే, మా ఫైబర్ పెట్టె పూర్తిగా లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, ఆ చిన్న పెట్టె వెంటనే లేస్తుంది. సార్ సిస్టమ్‌కు టాలీ కోసం మొదటి నుంచీ ఫిక్స్‌డ్ నంబరు ఉంది, అది ఎవరినీ అడగదు. స్వప్న తొమ్మిదిన్నరకే వస్తుంది, తనది పొద్దున ఎప్పుడూ బాగుండేది. ఆ చివరి ముక్క ఒక్కటే అప్పటికి అర్థం కాలేదు, తొమ్మిదిన్నరకు రాని పెట్టె పదిన్నరకు ఎక్కడి నుంచి వస్తుంది?

నెట్ లేని సిస్టమ్‌లోనే బ్రౌజర్ తెరిచి 192.168.0.1 అని కొట్టమన్నాడు. కొట్టా. వేరే కంపెనీ వైఫై రూటర్ లాగిన్ పేజీ వచ్చింది. మా ఆఫీసులో ఆ కంపెనీది ఏదీ లేదు. చెప్పలేనంత ధైర్యం వచ్చింది, ఎందుకంటే అప్పటిదాకా కంటికి కనబడని దానితో కొట్లాడుతున్నట్టే ఉండింది. ఇప్పుడు అదొక వస్తువు, దానికి ఒక కేబుల్ ఉంటుంది, ఆ కేబుల్ మా దాకా వచ్చి ఉంటుంది.

తర్వాత పని చాలా సులువు. అదే నల్ల కిటికీలో పింగ్ (ఉన్నావా అని అడిగే కమాండ్) అని కొట్టి ఆ నంబరు ఇచ్చి చివర హైఫన్ టీ (-t) పెడితే ఆపేదాకా జవాబులు వరుసగా వస్తూనే ఉంటాయి. శ్రీలతను ఆ స్క్రీన్ ముందు కూర్చోబెట్టి నేను అల్మారా మీద ఉన్న ఎనిమిది పోర్టుల స్విచ్ (అన్ని నెట్ కేబుళ్ళూ కలిసే పెట్టె) దగ్గర కుర్చీ వేసుకుని నిలబడ్డా. తన సిస్టమ్ కేబుల్ తప్ప మిగతావి ఒక్కొక్కటి పీకడం, "వస్తుందా?" "వస్తుందక్కా", మళ్ళీ పెట్టడం. ఫైబర్ పెట్టె కేబుల్ పీకినా జవాబు వస్తూనే ఉంది. అన్నీ అయ్యాక చివర్లో ఒక నల్ల కేబుల్, మావన్నీ బూడిద రంగువి, ఇది బయట వాడే మందం కేబుల్. అది పీకగానే శ్రీలత "ఆగిందక్కా!" అని గట్టిగా అరిచింది. మళ్ళీ పెట్టా, మళ్ళీ వచ్చింది. ఈసారి పీకి కింద వదిలేశా.

ఆ నల్ల కేబుల్ ఫైళ్ళ వెనక నుంచి కిటికీ గ్రిల్ దాకా పోయి, అక్కడి నుంచి గోడ పట్టుకుని కింది మొబైల్ షాపులోకి దిగింది. ఆ షాపు బిల్డింగ్ ఓనర్ గారి అబ్బాయిదే. వెళ్ళి అడిగితే, పౌర్ణమి నాడు మెట్ల దగ్గర, షాపు ముందర కెమెరాలు పెట్టించామని, ఫోన్‌లో చూసుకోవడానికి కొంచెం నెట్ కావాలంటే మీ సారే తీసుకోమన్నారని చెప్పాడు. నిజమే, సార్‌ను అడిగితే అవునన్నారు. ఓనర్ ఫోన్ చేసి అడిగితే ఆ మాత్రానికేముంది అన్నారట, మా ఆఫీసు తాళం చెవి ఒకటి వాళ్ళ దగ్గర ఎప్పుడూ ఉంటుంది. కెమెరాలకూ మా టాలీకీ సంబంధం ఉంటుందని ఎవరికి మాత్రం తోస్తుంది?

షాపు వెనక రేకు డబ్బాలో డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె), దాని మీద దుమ్ము పట్టిన పాత వైఫై రూటర్. కెమెరాలు పెట్టిన అబ్బాయి దగ్గర ఆ రోజు స్విచ్ లేక ఈ పాత రూటర్‌నే స్విచ్ లాగా వాడాడు. మా కేబుల్ తెచ్చి దాని పసుపు పోర్టుల్లో ఒకదానికి పెట్టాడు, డీవీఆర్ ఇంకో పసుపు పోర్టుకు. నీలం రంగు పోర్టు, బయటి నెట్ వచ్చే పోర్టు, ఖాళీ. డీవీఆర్‌కు మాత్రం మా నెట్‌వర్క్ నంబరు చేత్తో రాశాడు, అందుకే వాళ్ళకు ఫోన్‌లో కెమెరాలు శుభ్రంగా కనిపించేవి. వాళ్ళకు ఏ ఇబ్బందీ లేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇక తొమ్మిదిన్నర, పదిన్నర సంగతి. డీవీఆర్ ఇన్వర్టర్ లైన్ మీద రాత్రీపగలూ నడుస్తుంది, ఈ రూటర్ అడాప్టర్ మాత్రం షాపు డిస్‌ప్లే లైట్ల బోర్డుకు పెట్టారు. రాత్రి షట్టర్ వేసేటప్పుడు ఆ బోర్డు ఆపేస్తారు, పొద్దున పదింపావు తర్వాత వేస్తారు.

కేబుల్ పీకేస్తే మా పని అయిపోయినట్టే, కానీ ఇరుగుపొరుగు, పైగా ఓనర్, వాళ్ళకు కెమెరాలు కనిపించాలి కదా. కెమెరాల అబ్బాయికి ఫోన్ చేస్తే రేపొస్తానన్నాడు, ఆ రేపు శనివారం 15న అయింది. మధ్యలో రెండు రోజులు కేబుల్ పీకేసే ఉంచాం, ఓనర్ గారు ఒకసారి పైనుంచి దిగి వచ్చి "ఏమమ్మా, కెమెరా వస్తలేదు" అంటే కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి అంతా చెప్పా. పెద్దాయన అర్థం చేసుకున్నారు. ఆ అబ్బాయి వచ్చాక మా తమ్ముడితో ఫోన్‌లో మాట్లాడించా. నిమిషాల పనే: ఆ రూటర్ లాగిన్‌లోకి వెళ్ళి డీహెచ్‌సీపీ ఆఫ్ చేయడం, దాని వైఫై కూడా ఆఫ్ చేయడం. లాగిన్ పాస్‌వర్డ్ కంపెనీ నుంచి వచ్చిందే ఉంది, అదీ మార్పించా. రీసెట్ బటన్ ఎవరైనా నొక్కితే మళ్ళీ మొదటికే వస్తుందని తమ్ముడు చెప్పడంతో ఆ రూటర్ తీసేసి మామూలు స్విచ్ పెట్టమని అడిగాం. సోమవారం తెచ్చి పెట్టాడు, డబ్బు ఓనరే ఇచ్చారు.

దీని తర్వాత కూడా ఒక పూట పని మిగిలిందని ముందే తెలుసుకోండి, ఎందుకంటే అసలు కారణం పోయినా మధ్యలో వచ్చినవాళ్ళు మార్చినవన్నీ అలాగే ఉంటాయి. సర్వీస్ అబ్బాయి చేత్తో రాసిన ఐపీలు, 8.8.8.8 తీసేసి రెండు సిస్టమ్స్‌నూ మళ్ళీ ఆటోమేటిక్‌కు పెట్టాం. ప్రింటర్ నంబరు మారకుండా ఫైబర్ పెట్టె సెట్టింగుల్లోనే దానికో నంబరు రిజర్వ్ చేశాం, దాంతో ప్రింట్ల గొడవ పూర్తిగా పోయింది. ఫైర్‌వాల్ అన్నింట్లో ఆన్ చేశా, ఇది నేను ఎవరి మాటా వినకుండా మొదట చేసిన పని. ఆన్ చేయగానే శ్రీలత సిస్టమ్‌లో షేరింగ్ మళ్ళీ ఆగింది. ఫార్మాట్ చేసినప్పుడు విండోస్ మా నెట్‌వర్క్‌ను పబ్లిక్ అనుకుంది, రైల్వే స్టేషన్ వైఫై లాంటిదని దాని లెక్క, అందుకే పక్క సిస్టమ్స్‌కు కనబడనివ్వదు. నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లో ప్రైవేట్ అని మార్చగానే ఫైర్‌వాల్ ఉండగానే అంతా నడిచింది. అంటే ఆ 7వ తేదీన కూడా ఫైర్‌వాల్ ఆపాల్సిన అవసరమే లేదు.

ప్రాక్సీ సంగతి వేరే రోగం, రెండూ ఒకే వారంలో కలిసి వచ్చి మమ్మల్ని దారి తప్పించాయి. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ కింద ప్రాక్సీ అని ఉంటుంది, అక్కడ ప్రాక్సీ వాడే స్విచ్ ఆన్‌లో ఉండి పక్కన 127.0.0.1 (అంటే ఆ సిస్టమ్ నంబరే) అని కనిపిస్తే, మీ ఆఫీసులో ఎవరూ పెట్టనిదైతే, ఏదో సాఫ్ట్‌వేర్ పెట్టుకుంది. ఆ సాఫ్ట్‌వేర్ తీసేసి స్విచ్ ఆఫ్ చేస్తే సరిపోతుంది. దానికి ఫార్మాట్ అక్కర్లేదు. శ్రీలత సిస్టమ్‌లో ఫార్మాట్ వల్ల పోయిన డెస్క్‌టాప్ ఫైళ్ళు కొన్ని ఇప్పటికీ దొరకలేదు, క్లయింట్లను అడిగి మళ్ళీ తెప్పించుకుంటున్నాం.

శనివారం సాయంత్రం అందరూ ఉన్నప్పుడే సార్‌కు ఆ పాత రూటర్ చూపించి, నెట్ పోవడానికి ఇదీ కారణం, ఆ అమ్మాయిది కాదు అని చెప్పా. సార్ శ్రీలతను పిలిచి, "అట్ల అనకుంటె అయిపోవు, మనసుల పెట్టుకోకు బిడ్డా" అన్నారు. తను నవ్వింది గానీ అంత తొందరగా మర్చిపోయే మాటలు కావవి.

ఖర్చు చూస్తే విజిటింగ్, యాంటీవైరస్, ఫార్మాట్ కలిపి 2,400, జిరాక్స్ సెంటర్‌కూ ఫోన్ డేటా ప్యాక్‌లకూ ఇంకో ఐదారు వందలు. అసలు మరమ్మతుకు మాకు అయింది సున్నా. యాంటీవైరస్ ఎలాగూ ఉండాల్సిందే కాబట్టి దాన్ని దండగ అనను. 20వ తేదీ 3బీ (నెల జీఎస్‌టీ లెక్క చూపి పన్ను కట్టే) రిటర్న్‌లు వేసేటప్పుడు ఒక్క సిస్టమ్ కూడా ఆగలేదు, ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల ఫీజు, పన్ను మీద 18 శాతం వడ్డీ, అవేవీ ఏ క్లయింట్‌కూ పడలేదు. ఆ సాయంత్రం రెండుసార్లు కరెంటు పోయి వచ్చింది, వచ్చిన ప్రతిసారీ నేను వెళ్ళి ఆ లైన్ చూశా, 192.168.1.1 అనే ఉంది.

22న కెమెరాల అబ్బాయి ఫోన్ చేశాడు. దేవరకొండ రోడ్‌లో తను అదే పద్ధతిలో కెమెరాలు పెట్టిన ఒక మెడికల్ షాపులో బిల్లింగ్ సిస్టమ్ రోజూ పొద్దున నెట్ పోతుందట. "అక్కా, మీరు ఆ రోజు నల్ల స్క్రీన్‌ల ఏం కొట్టిండ్రు, ఏ లైన్ చూడాలె?" అని అడిగాడు. రాసుకో తమ్ముడూ అని చెప్పా.